అత్త మెడ మీది కురుపులు

వెంట్రుక బయటికి రాకుండా చర్మం కిందే ముడుచుకుపోయి కురుపు లేస్తే ఏం చేయాలని ఎవరైనా అడిగితే నేను గడగడా చెప్పగలను. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టాలి. వేపాకూ పసుపూ నూరి పట్టించాలి. గడ్డ కడితే ఉల్లిగడ్డ కాల్చి, ఆముదం రాసి కట్టాలి. మెత్తబడ్డాక వెంట్రుక దానంతటదే తల బయటపెడుతుంది. అంతవరకు అక్కడ కత్తి తగలకూడదు. ఇదంతా ఆళ్లగడ్డలో అవ్వ దగ్గర నేర్చుకున్నదే. చెబుతూ చెబుతూ ఉండగా కాలిన ఉల్లిగడ్డ వాసన ముక్కుకు తగులుతుంది. 

కర్నూలు రాజధాని అయిన కొత్తలు. నేను నంద్యాలలో హైస్కూలు చదువుతూ సెలవులకు అవ్వ ఇంటికి వెళ్లేదాన్ని. మా మేనత్తకు ముప్పై కూడా నిండలేదు. భర్త పోయాక తల గొరిగించుకుని పుట్టింట్లోనే వంట చేస్తుండేది. మా ఇళ్లలో విధవ తల నున్నగా లేకపోతే ఆమె చేతి వంట తద్దినానికి పనికిరాదు. ఆ నునుపు కోసం మంగలి మెడ దగ్గర నుంచి పైకి ఎదురు కత్తి వేసేవాడు. దాంతో వెంట్రుకలు లోపలికి తిరిగి మెడ వెనకంతా కురుపులు లేచాయి.

“ఇవి మానేదాకా కత్తి ముట్టించొద్దు” అంది అవ్వ.

కట్టు కట్టే పని నాది. తల మీద నల్లగా జుట్టు వచ్చింది కానీ కురుపులు తగ్గలేదు. ఒక మధ్యాహ్నం పెరట్లో అత్త కట్టు విప్పి, ఎండిన పొక్కును తుమ్మ ముల్లుతో గీకుతుండగా చూశాను.

“ఏందత్తా, మానేదాన్ని మళ్లా రేపుతాండావ్?”

“మానితే ఆ మంగలోడొస్తాడే.”

“వస్తే వద్దని చెప్పు.”

“నాకు నోరు యాడుంది? దేవుడు నా నోరు గూడా నీకే పెట్టినాడు.”

అవ్వకు తెలియదని నేననుకోను. మంగలి వచ్చినప్పుడల్లా “ఇంకా మానలేదప్పా, పోయిరా” అని వాకిట్లోంచే పంపేసేది.

వానలు పడేసరికి పుండు పెద్ద గడ్డయింది. జ్వరం వచ్చింది. నాయన అత్తను నంద్యాలకు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాడు. వెనకంతా గొరిగి గడ్డ కోయాలన్నాడు డాక్టరు. అత్త ససేమిరా అంది.

ఇంట్లో ఆమెతో వాదనకు దిగాను. “ప్రాణం కంటే జుట్టెక్కువా? మళ్లా పెరుగుతుంది గదత్తా.”

“పెరుగుతుంది. పెరగనిచ్చేదెవరు?”

నాయన వైపు చూశాను. ‘నేను పెరగనిస్తాను’ అని ఒక్క మాట అంటే చాలు. అంగడిలో పొద్దంతా బేరాలాడే మనిషి కండువా సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే అత్త పోయింది. అవ్వ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చింది. తల కడగడం నా వంతయింది. వేలెడు జుట్టు, పసుపుతో అట్ట కట్టి ఉంది. దువ్వెన తెచ్చి చిక్కు తీశాను. నాకు తెలియకుండానే నా చేయి నడినెత్తిన పాపిడి తీసింది.

విధవకు పాపిడేమిటని ఎవరో గొణిగారు.

అవ్వ వంగి చూసింది. చెంప మీద పడిన వెంట్రుకలను చెవి వెనక్కి సర్దింది.

“కానీండి” అంది.