ఒక కోట, ఒక బర్రె, సేఫ్టీ సార్ తెల్లచొక్కా

పరువు చాలా రకాలుగా పోతుంది. నాది మాత్రం కదిలే బస్సులో, నలభై మంది సాక్షుల ముందు, పప్పుచారుతో సహా పోయింది. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. పొద్దున్నే కిష్టారెడ్డిపేటలో కంపెనీ బస్సు ఎక్కేవాణ్ణి. ఆ వారమే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్ ఒకటి కొన్నాను. అటు నాలుగు బటన్లు, ఇటు నాలుగు బటన్లు, మధ్యలో తెర. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఆటగాడు స్టాపు కూడా ఎరగడు. మొదటి రోజే ఫ్యాక్టరీ దగ్గర దిగడం మరచి, బస్సుతోపాటు షెడ్డుకు పోయాను.

మా ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే యాదగిరన్న కూడా బస్సులో ఆడేవాడు. ఫోన్లో, ఒక్క బొటనవేలితో, ఇటుకలు పేర్చే ఆట. రెండో చెయ్యి పైన కడ్డీకి అతుక్కుని ఉండేది. ఆటకు చప్పుడు లేదు, తొందర లేదు. గుంత వస్తే ఆపేవాడు, గుంత దాటాక మొదలుపెట్టేవాడు. మన రోడ్ల సంగతి తెలుసుగా, ఆపడమే ఎక్కువ.

“అన్నా, గిదీ ఒక ఆటేనా? మా అక్క బిడ్డ గూడ ఆడుతది” అని వెక్కిరించాను.

“ఆడనియ్ తమ్మీ. దిగే జాగ రాంగనే ఆపుత, మల్ల ఎక్కంగనే ఆడుత. నీది ఆగుతదా?”

“ఎట్లాగుతది? నాది యుద్ధం! నడుమల ఆపితే ఓడినట్టే.”

“రెండు చేతులు గావాల్నా?”

“రెండు గూడ సాల్తలేవన్నా!”

“మరి కడ్డీ పట్టనీకె మూడో చెయ్యి ఏడికెల్లి తెస్తవ్?”

మూడో చెయ్యి ఎందుకు? కాళ్లు ఎడంగా పెట్టి, వీపు సీటుకు ఆనించి నిలబడితే చాలదా? ఆ వయసులో భూమ్యాకర్షణ కూడా నన్ను చూసి జంకుతుందనుకునేవాణ్ణి.

ఆ రోజు ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవాలు మొదలు. అందరి ముందు ప్రతిజ్ఞ చదివే భాగ్యం నాది. కారణం ప్రతిభ కాదు, మైకు అక్కర్లేని గొంతు. సేఫ్టీ సార్ కూడా ఆ రోజు మా బస్సే ఎక్కాడు. కొత్త తెల్లచొక్కా వేసుకుని, నా ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ మీది పుర్రెబొమ్మలా కూర్చున్నాడు.

“ఏం శ్రీనూ, ప్రతిజ్ఞ సదువుకున్నవా?”

“బట్టీ వచ్చింది సార్” అన్నాను, తెర మీంచి కన్ను తీయకుండా.

“ముందుగాల కడ్డీ వట్టుకో.”

“ఒక్క నిమిషం సార్, కోట కూలిపోతున్నది!”

“ఎవల కోట?”

“మనదే సార్!”

సరిగ్గా అప్పుడే మలుపులో బర్రె అడ్డం వచ్చింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. శత్రుసైన్యం అన్ని రోజులుగా చేయలేని పని ఆ బర్రె ఒక్క క్షణంలో చేసింది. నేను ఎగిరి సార్ ఒళ్లో పడ్డాను. నా కన్నా ముందే, చంకలో ఇరికించుకున్న నా పప్పుచారు డబ్బా అక్కడికి చేరి మూత తెరిచింది. తెల్లచొక్కా పసుపుచొక్కా అయింది. సార్ కళ్లద్దాల మీద కరివేపాకు రెబ్బ.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నేను అన్నాను: “తప్పు బస్సుది సార్...”

“బస్సుదా, బర్రెదా? జెర సోంచాయించి చెప్పు. ముందుగాల నా ఒళ్లకెల్లి లే!”

బస్సంతా గొల్లుమంది. యాదగిరన్న ఒక్కడే నవ్వలేదు. ఆయన ఇటుకలు పేర్చుకుంటున్నాడు.

గంట తర్వాత వేదిక మీద సార్ అదే చొక్కాతో నిలబడ్డాడు. నేను గొంతు చించుకుని చదివాను: “తోటివారి భద్రత నా బాధ్యత!” ఫ్యాక్టరీ మొత్తం తలతిప్పి సార్ పొట్ట వైపు చూసింది.

సార్ మైకు అందుకున్నాడు. “ప్రమాదమెట్ల జరుగుతదో చూపించనీకె ఒక నాటకం పెడదామనుకున్నం. శ్రీను పొద్దుగాల్నే ఆడి చూపిచ్చిండు” అని, వారం రోజులు బస్సు తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్లందరికీ “కడ్డీ పట్టుకోండి” అని చెప్పే శిక్ష వేశాడు. నేను చెప్పడం, వాళ్లు “కోటెట్లున్నది రాజా?” అని అడగడం. వారంలో నా అసలు పేరు గేటు పాసులో మాత్రమే మిగిలింది.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆపితే ఆగని ఆట, రెండు చేతులూ అడిగే ఆట, కదిలే బండిలో జన్మలో ఆడను. యుద్ధాలన్నీ ఇంట్లో, మంచం మీద పడుకునే చేస్తాను. అక్కడైతే పడ్డా, ముక్కు నాదే, గచ్చు నాదే.