కొండలయ్య బావను తిట్టిన మ్యాచ్

కొండలయ్య కూతకు వెళ్లేముందు రెండు పనులు చేసేవాడు. పాత చీర చింపిన పేలిక ఒకటి కుడి మోకాలికి బిగించి కట్టుకునేవాడు. తర్వాత వంగి, కోర్టు గీత పక్కన మట్టిని రెండు వేళ్లతో గిల్లేవాడు. మొక్కడం కాదు, కళ్లకద్దుకోవడం కాదు. నిద్రపోతున్న మనిషిని గిల్లినట్టు గిల్లి, కూత ఎత్తేవాడు. ఆత్మకూరు గ్రౌండులో ఐదేళ్లు చూశాను. ఎందుకలా చేస్తావని ఒక్కసారి కూడా అడగలేదు.

అతనిది మర్రిపాడు మండలంలో కొండ కింద ఊరు. చెంచు కుటుంబం. తండ్రి తేనె తెచ్చి అమ్మేవాడు. కొండలయ్య హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివాడు. అక్కడి వార్డెనుకు చెడుగుడు పిచ్చి. సాయంత్రం అన్నం గంట కొట్టేదాకా పిల్లల్ని ఆడించేవాడట. కొండలయ్య బడి మానేశాడు గానీ ఆట మానలేదు. నాకు పరిచయమయ్యేనాటికి ముప్పై రెండేళ్లు. బద్వేలు రోడ్డు మీద లారీలకు బస్తాలెత్తే పని. ఆ బస్తాల కింద మోకాలు అరిగింది. అయినా తెల్లవారేసరికి ఏదో ఒక లారీ పట్టుకుని ఆత్మకూరు వచ్చేవాడు. మా బడి గ్రౌండులో సున్నంతో గీతలు గీసి, పద్నాలుగు మంది ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేవాడు. రమ్మని ఎవరూ అడగలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఎనిమిదికల్లా ముగించి, అదే రోడ్డు మీద మళ్లీ బస్తాలకు వెళ్లిపోయేవాడు.

నేను ఆ ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెబుతాను. పేరు జోయల్. మాది దుత్తలూరు దగ్గర. మూడు తరాలుగా బాప్టిస్టులం. దేవుడి పేరు ఊరికే ఎత్తితే మా అమ్మ అన్నం ముందు నుంచి లేపేసేది. ప్రతి వేసవిలో ఇక్కడ జరిగే కబడ్డీ పోటీలకు స్కోరు రాసేది నేనే. లెక్క తప్పనని పేరు.

మూడేళ్ల క్రితం పోటీలకు మా పాప జెస్సికాను వెంట తీసుకెళ్లాను. అప్పుడు దానికి రెండేళ్లు దాటాయి, మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. సంగం ఊరి జట్టు కుర్రాడొకడు అవుటైనప్పుడల్లా దేవుణ్ణి ఒక మాట అనేవాడు. మరుసటి ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా పాప చేతిలో బిస్కెట్టు కింద పడింది. ఆ కుర్రాడి మాట, అతని గొంతులాగే, చర్చి నిండా వినిపించింది. పాస్టరుగారు ప్రార్థన ఆపారు. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. పాప ఇంకా ఏమేం నేర్చుకుందో, ఎక్కడ పైకి అంటుందో అని నాకు ఒకటే బెంగ. అది నిద్రలో పెదవులు కదిపినా వంగి వినేవాణ్ణి.

తర్వాతి వేసవికి పోటీల కమిటీ ముందు ఒక నిబంధన పెట్టాను. మ్యాచ్‌లో ఏ మతం దేవుణ్ణి దూషించినా ఆ ఆటగాడికి రెండేళ్ల నిషేధం. కింద ఇంకో వాక్యం చేర్చాను: అలాంటివారికి పిల్లల శిక్షణ అప్పగించరాదు.

రిటైరైన పీఈటీ పెంచలప్రసాద్ గారు కాగితం చదివి నవ్వారు. "రెండేళ్లా? కాలు జారి పడినోడు దేవుణ్ణి తిట్టక నిన్ను తిడతాడా జోయలూ?"

"పిల్లలు చూస్తుంటారు గదా సార్."

"పిల్లలు ఆట చూస్తారయ్యా. తిట్లు నువ్వొక్కడివే ఇంటన్నావు."

కమిటీ పెద్ద వీరరాఘవులు గారికి మాత్రం నచ్చింది. ఆత్మకూరు బజారులో ఆయనది హోల్‌సేల్ కిరాణా. పెంచలకోన నరసింహస్వామి వాళ్ల ఇలవేల్పు. "అన్ని దేవుళ్లకూ ఒకటే రూలు పెట్టినాడు. మనోడు మనోడని చూడలేదు. బాగుండాది," అని సంతకం చేశారు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఆ వేసవిలోనే కొండలయ్యకు ఒక మంచి కబురు వచ్చింది. జూన్ నుంచి అతన్ని ఆడపిల్లల కోచ్‌గా తీసుకోవడానికి మా బడి యాజమాన్యం ఒప్పుకుంది. పోటీలయ్యాక కమిటీ ఒక ఉత్తరం ఇస్తే చాలు. అతను బూట్లు కొన్నాడు. జీవితంలో మొదటి జత. కవర్లోంచి తీసి నాకు చూపించి, మళ్లీ కవర్లో పెట్టాడు.

"తొడుక్కోవా?"

"జూన్‌లో తొడుక్కుంటా సారూ. జూన్ నుంచి బస్తా ముట్టను గదా. అప్పుడుండాది దీని పని."

సెమీఫైనల్ శనివారం సాయంత్రం. మర్రిపాడుకూ ఉదయగిరికీ పోటీ. ఉదయగిరి ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి కూతకు కొండలయ్య మోకాలికి పేలిక బిగించి, మట్టి గిల్లి వెళ్లాడు. ఇద్దర్ని తాకాడు. వెనక్కి తిరిగేటప్పుడు ఉదయగిరి మూల ఆటగాడు అతని చీలమండ దొరకబుచ్చుకున్నాడు. గీత అతని వేళ్లకు జానెడు దూరంలో ఉంది. కూత తెగింది.

కొండలయ్య వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూస్తూ అరిచాడు. "దొంగ బావా, నీ సింగం మొహం తగలెయ్య. మా పిల్లనెత్తుకపొయ్యేదానికైతే లేచినాయి గదా కాళ్లు, నాకాడికి రావాలంటే రాలేదా? యాడ సచ్చినావు?"

మర్రిపాడు ఆటగాళ్లు ఓడిపోయి కూడా నవ్వారు. ఉదయగిరి వైపు నుంచి ఎవరో, "నరసింహసామిని తిడతన్నాడ్రా వాడు," అన్నారు. ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. అందరూ నా బల్ల వైపు తిరిగారు. జెస్సికా నా ఒడిలో ఉంది. దాని చెవులు మూశాను.

రిపోర్టు ఫారంలో ‘అన్న మాటలు’ అనే గడి ఉంది. ఆ ఫారం తయారుచేసింది కూడా నేనే. అందులో ఇలా రాశాను: నరసింహస్వామిని ఉద్దేశించి, ‘దొంగ, నీ సింగం మొహం తగలెయ్య, యాడ సచ్చినావు’ అన్నాడు. ‘బావా’ అన్న మాట విన్నాను. ఎవరో పిల్లను ఎత్తుకుపోవడం గురించి అన్నదీ విన్నాను. ఆ రెండూ నాకు అర్థం కాలేదు. దేవుణ్ణి బావ అనడమేమిటి? అది రాస్తే ఎవరో మనిషిని తిట్టాడనుకుంటారు, రిపోర్టు తేలిపోతుంది అనిపించింది. వదిలేశాను. ప్రయోగంలో మిగతావాటితో పొసగని రీడింగు వస్తే కొట్టెయ్యకూడదని, అసలు సంగతి దాన్లోనే ఉండొచ్చని పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి.

సోమవారం వీరరాఘవులు గారి కొట్లో విచారణ. మిరపకాయల బస్తాల మధ్య కుర్చీలు వేశారు. కొండలయ్యకు స్టూలు చూపించారు. కూర్చోలేదు. పెంచలప్రసాద్ గారు నా రిపోర్టు పైకి చదివారు. సెమీఫైనల్‌కు వాళ్లిద్దరూ రాలేదు, వాళ్ల ముందున్నది ఆ కాగితమొక్కటే.

"ఈ మాటలన్నావా లేదా?" అన్నారు వీరరాఘవులు గారు.

"అన్నానయ్యా."

"సామిని?"

"సామినే."

తర్వాత అతను నా వైపు తిరిగాడు. "సారూ, రాసింది అంతేనా? ఇంకోమాట ఉండాలే."

అప్పుడు నాకు తెలుసు. ఆ మాట ఎందుకు ముఖ్యమో తెలియదు గానీ, అతను అడుగుతున్నది ఏ మాట గురించో తెలుసు. కాగితం నా చేతిరాత. రూలు నాది. తెలిసినవాడని వెనక్కి తగ్గాడంటారేమో. వాళ్ల స్వామి విషయంలో క్రైస్తవుడు మాటలు మారుస్తున్నాడంటారేమో. ఇవన్నీ ఇంటికెళ్లాక పేర్చుకున్న కారణాలు. ఆ క్షణంలో ఉన్నది భయం ఒక్కటే.

"నేను విన్నది అంతే," అన్నాను.

కొండలయ్య కాసేపు నా ముఖంలోకి చూశాడు. "సార్ అంతే అంటే అంతేలే," అని చూపించిన చోట సంతకం పెట్టాడు. హాస్టల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు.

రెండేళ్ల నిషేధం. ఉత్తరం ఇవ్వలేదు.

తర్వాత పది రోజులు ఆడపిల్లలు ఎప్పటిలాగే తెల్లవారుజామున గ్రౌండుకు వచ్చి, గీతలు లేని మట్టిలో కాసేపు నిలబడి వెళ్లిపోయారు. పదకొండో రోజు నుంచి రాలేదు. ఆ వారంలోనే, సెలవులైపోయి బడి తెరవగానే, ఒక ముసలామె వచ్చి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. కొండలయ్య తల్లి కామమ్మ.

"నా కొడుకు సున్నం డబ్బా ఈడ ఉండిపోయినాదంట. ఇయ్యి నాయనా."

నేనే వెళ్లి తెచ్చి ఇచ్చాను. వెళ్లబోతూ ఆగి, "కాయితం రాసిన సారు ఎవరు?" అంది.

"నేనే అవ్వా."

కోప్పడుతుందనుకున్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, "పిల్లోడివి గదా," అంది. తర్వాత, "మీ ఇండ్లల్లో బావమరదులు తిట్టుకోరా?" అని అడిగింది.

"తిట్టుకుంటారు అవ్వా."

"మరి? చెంచులచ్చిమి మా ఇంటి ఆడబిడ్డ. నరసింహసామి కొండకొచ్చి మా పిల్లనెత్తుకోనిపోయినాడు. మా మొగోళ్లందరికీ బావ. నాకు అల్లుడు. మావోడి నాయన తేనెకు చెట్టెక్కితే కింది కొమ్మ కాడ మొదులుపెట్టి పైకొమ్మ దాకా తిడతానే ఎక్కేవాడు. తిట్టకపోతే బావకు అలక, పట్టించుకోలేదని. బరిలో మట్టి గిల్లేది చూళ్లేదా నువ్వు? బావను లేపేది అది."

"విచారణలో ఆ సంగతి చెప్పొచ్చు గదా అవ్వా?"

"వాణ్ణే అడుగు," అని డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం నాకు పాఠం చెప్పడం కుదరలేదు. పిల్లలకు టెస్టు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. సాయంత్రం వీరరాఘవులు గారి కొట్టుకు వెళ్లి, నేను వదిలేసిన మాట చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"కోనకు ఏటా పోతా సారూ. చెంచోళ్లు తిట్టేది చిన్నప్పట్నించీ ఇంటన్నా. మా నాయన నిలబడి మరీ ఇనేవాడు. కాయితంలో బావ అన్న ముక్క ఉండుంటే నవ్వి పంపించేవాణ్ణి గదా. అనుమానమొచ్చే నీ దిక్కు చూసినా. అంతే అన్నావు. చదువుకున్నోడు, లెక్క తప్పడు అనుకున్నా."

అక్కడే కూర్చుని రెండో కాగితం రాశాను. మొదటి రిపోర్టులో ఒక మాట తెలిసి వదిలేశానని, అడిగినప్పుడు అబద్ధం చెప్పానని. కమిటీ నిషేధం ఎత్తేసింది, ఉత్తరం కూడా ఇచ్చింది. కానీ అప్పటికి జూన్ మూడో వారం. సర్టిఫికెట్టున్న కోచ్‌ను నెల్లూరు నుంచి తెచ్చుకున్నామని, ఆ విషయం ముగిసిపోయిందని మా యాజమాన్యం చెప్పింది. ఆ కోచ్ వారానికి రెండు రోజులు వస్తాడు.

ఉత్తరం తీసుకుని మర్రిపాడు వెళ్లాను. కొండలయ్య లారీ దగ్గర ఉన్నాడు. వీపు మీది బస్తా దించి, తలపాగా గుడ్డతో మొహం తుడుచుకుని ఉత్తరం చదివాడు. నేను చెప్పాల్సింది చెప్పాను.

"నువ్వే ఎందుకు చెప్పలేదు కొండలయ్యా?" అన్నాను చివరికి.

"నా నోటితో నేను చెప్పుకుంటే తప్పించుకునేదానికి కతలల్లతన్నాడంటారు సారూ. నీ నోట వస్తే అది సాచ్చికం. నువ్వు చెప్తావులే అనుకున్నా."

"భయమేసింది."

"నీకా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకేం బయ్యం సారూ?"

మాట మార్చి బూట్ల సంగతి అడిగాను. మేనల్లుడికి ఇచ్చేశాడట. "వాడికి పెద్దవి. గుడ్డలు కుక్కుకోని తిరగతన్నాడు," అని నవ్వి, మళ్లీ బస్తా కిందికి వంగాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడో, అక్కడే పెట్టేశాడో నేను చూడలేదు.

మా రూలు ఇప్పుడూ ఉంది, పిల్లల శిక్షణ వాక్యం మాత్రం కొట్టేశారు. నేను స్కోరు రాయడం మానేశాను.

పోయిన నెల సంగంలో పోటీలు జరిగితే ఇంట్లో చెప్పి జెస్సికాను తీసుకెళ్లాను. దానికి ఐదేళ్లు నిండాయి. మర్రిపాడు జట్టులో కొండలయ్య ఉన్నాడు. మోకాలికి పేలిక కట్టుకున్నాడు. వంగాడు. మట్టిని తాకి, కళ్లకద్దుకుని, కూతకు వెళ్లాడు. గిల్లలేదు.

మూడో కూతలో దొరికిపోయాడు. నలుగురు మీద పడ్డారు. వాళ్లు లేచాక వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు చూశాడు. మర్రిపాడు కుర్రాళ్లు నవ్వడానికి సిద్ధంగా అతని వైపే చూస్తున్నారు. నేనూ ఎదురుచూశాను. ఒక్కసారి తిట్టు, ఒక్కటి చాలు అనుకున్నాను.

కొండలయ్య లేచాడు. ఒంటి మీది దుమ్ము దులుపుకున్నాడు. రెండు చేతులూ జోడించి, "తప్పయింది సామీ," అన్నాడు. మెల్లగా అన్నాడు గానీ, గీతకు దగ్గర్లో కూర్చున్నాం కాబట్టి మాకు వినిపించింది.

"డాడీ, ఆ మామ దేవుడికి దండం పెట్టుకున్నాడు," అంది జెస్సికా. దానికి నచ్చింది. తనూ చేతులు జోడించి, అతనిలాగే తల వంచి చూపించింది. బాగా చేశానా అన్నట్టు నా వైపు చూసింది.