నేను బాగుందన్న లాంచీ

ముప్పై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొత్తం నాలుగు మాటల అబద్ధం. మొదటిసారి రెండు మాటలు, రెండేళ్ళ తర్వాత ఇంకో రెండు. దానివల్ల ఎవరూ చావలేదు. ఇన్నేళ్ళూ ఈ ఒక్క ముక్క పట్టుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఎవరూ చావకపోతే తప్పు కానట్టేనా? ఈ దిక్కుమాలిన న్యాయం నాకెవరు నేర్పారు? ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరు నన్ను ఎరగరు, అందుకే ఈ ధైర్యం. ఇది కూడా పిరికితనమేనని నాకు తెలుసు.

గురజాల అవతల, కృష్ణ ఒడ్డున మా ఊరు. కిరస్తానీ మిషను వాళ్ళ దగ్గర చెక్కపని నేర్చుకుని, రేవులో పడవలు బాగుచేస్తూ బతికేవాణ్ణి. ఆ పడవల్లో మూడు గురవయ్యవి. కులం వేరు, దేవుడు వేరు, అయినా చిన్నప్పటినుంచీ మేమిద్దరం ‘బావా’ అనే పిలుచుకునేవాళ్ళం. అతని దగ్గర పడవ నడిపేవాడు మస్తాను. బెజవాడ కాలవల మీద లాంచీలకు సరంగుగా పనిచేసి వచ్చినవాడు. తక్కువ మాట్లాడతాడు, నీళ్ళను ఎక్కువ చూస్తాడు.

ఎగువన ఆనకట్ట పని మొదలయ్యాక జనం రాకపోకలు పెరిగాయి. అప్పుడే ఒక కంట్రాక్టరు తన పాత లాంచీ అమ్మకానికి పెట్టాడని కబురొచ్చింది. గురవయ్య వెళ్ళి చూసొచ్చి మూడు రోజులు దాని గురించే మాట్లాడాడు. మోటారు ఉందట. మధ్యలో గది ఉందట. ఆ గదికి అద్దాల కిటికీలు, పూల తెరలు, మెత్తలు కుట్టిన బల్లలు ఉన్నాయట. పెద్ద పెద్ద ఇంజనీర్లు అందులోనే తిరిగారట. ఉన్న మూడు పడవలూ అమ్మి దాన్ని కొంటానన్నాడు. “నువ్వొచ్చి ఒకసారి చూడు బావా” అన్నాడు. బావా అనే అన్నాడు. అది మర్చిపోలేదు నేను.

మస్తానును కూడా తీసుకుని మేం వెళ్ళేసరికి లాంచీ ఇసుక మీదికి లాగి ఉంది. అడుగున కొత్తగా తారు పూశారు. కొత్త తారు చూస్తే నాకు అనుమానం. గురవయ్య నరసరావుపేట నుంచి ఒక లారీ మెకానిక్కును కూడా పిలిపించాడు. ఆయనకు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. నేను నిలబడ్డాను. ఆయన మోటారు తిప్పాడు, అది దడదడమని మోగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు పొరపాటు అంతకుముందే జరిగిపోయింది. ముహూర్తం దాటిపోతుందని గురవయ్య లాంచీ ముక్కుకి పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేశాడు. మా రేవులో పూజ అయిన పడవకు ఏడాది తిరిగేదాకా ఇనుము తగలనివ్వరు. పెళ్ళికూతురి ఒంటి మీద కత్తి పెట్టినంత తప్పు అది. పూజ తర్వాత పరీక్ష ఏమిటి? నేను సంచిలోంచి ఉలి తీశాను. అడుగు చెక్కను పొడిచి చూడకుండా ఏ పడవనీ నేను బాగుందనను.

గురవయ్య అందరి ముందూ అరిచాడు.

“ఒరేయ్, లోపల పెట్టరా దాన్ని! పసుపూ బొట్టూ లేనోళ్ళు, మా ఆచారాలు మీకేం తెలుసుద్ది?”

మెకానిక్కు నవ్వాడు. కంట్రాక్టరు మనుషులు నవ్వారు. మస్తాను మాత్రం నవ్వలేదు.

‘బావా’ కాస్తా ‘ఒరేయ్’ అయింది. నేను పరాయి ‘మీరు’లో కలిసిపోయాను. మీ ఆచారాలు, మా ఆచారాలు. నలభై ఏళ్ళ పిలుపు ఒక కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ముందు ఎగిరిపోయింది. ఒళ్ళు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతోంది. మండనీ. ఆ మంట న్యాయమైనదే. దాన్ని పట్టుకుని నేను చేసిన పని న్యాయమైనది కాదు.

ఉలి సంచిలో పెట్టేశాను. లోపలికి దిగాను. పూల తెరలున్న గదిలోకి వెళ్ళి, బల్ల కింద పలక ఎత్తి చెయ్యి పెట్టాను. అందరూ మురిసిపోయిన ఆ గదే లాంచీని తినేసింది. గది కప్పు మూలన కారి, వానకు వాన నీళ్ళు కిందికి దిగి, అడుగు చెక్క మీద నిలిచి ఉన్నాయి. ఇనుము అక్కర్లేకపోయింది. బొటనవేలితో నొక్కాను. ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు గోరు మొత్తం లోపలికి దిగింది. పక్కన నొక్కాను. అక్కడా దిగింది. జానెడు మేర కుళ్ళు. పైన తారు, లోపల పిండి.

పలక మూసేశాను. వేలు పంచెకు తుడుచుకుని బయటికి వచ్చాను.

“ఏమంటావురా?” అన్నాడు గురవయ్య.

“బాగానే ఉంది” అన్నాను.

“అన్న చూశాడుగా, ఇంక భయం లేదు” అన్నాడు మస్తాను. అతను నా మాట నమ్మి ఆ లాంచీ చుక్కాని పట్టుకున్నాడు. గురవయ్యకు బుద్ధి రావాలనుకున్నాను నేను. కానీ ఆ చెక్క మీద నిలబడేది గురవయ్యా? నిలబడేది మస్తాను, ఎక్కేది మా ఊరి జనం. ఆ సంగతి నాకు తోచలేదా? తోచింది. తోచినా నోరు విప్పలేదు. తర్వాత ఏ రోజు చెప్పినా సరిపోయేది. ప్రతిరోజూ రేవులో ఆ లాంచీని చూశాను. నాలుగు రోజులు పోయాక చెబుదాం, ముందు గురవయ్యను వచ్చి బతిమాలనీ, అనుకుంటూ రెండేళ్ళు గడిపాను.

రెండో ఏడు కొత్తనీరు వచ్చినప్పుడు, అవతలి గట్టు సంతకు పద్దెనిమిది మందితో వెళ్తుంటే నడి ఏట్లో ఆ గది కింద చెక్క విడిపోయింది. బల్లల కిందినుంచి నీళ్ళు ఎగజిమ్మాయి. వాళ్ళలో నిండు చూలాలు ఒకామె ఉంది. మస్తాను గట్టుకు పోదామని చూడలేదు. అంత దూరం లాంచీ తేలదని అతనికి తెలిసిపోయింది. మోటారు వేడెక్కి పొగలొస్తున్నా ఆపకుండా, పక్కనున్న ఇసుక తిన్నె మీదికి లాంచీని ఎక్కించేశాడు. పద్దెనిమిది మందీ మొలలోతు నీళ్ళలో దిగి నిలబడ్డారు. అందరినీ తేవడానికి పడవల్లో తిన్నె దగ్గరికి వెళ్ళాం, గురవయ్య కూడా వచ్చాడు.

లాంచీ పక్కన ఒక బండరాయి ఉంది. అంతే, కథ అల్లుకుంది. మస్తాను చూసుకోకుండా రాయికి కొట్టాడన్నారు. గురవయ్య చెప్పు తీసి, ప్రాణాలు దక్కించిన మనిషిని ఆ జనం ముందే కొట్టాడు. మస్తాను చెయ్యి ఎత్తలేదు. నావైపు తిరిగాడు.

“అన్నా, చెక్క నువ్వే చూశావుగా. ఇప్పుడు మళ్ళీ చూడు. చూసి చెప్పు.”

వంగి చూశాను. కుళ్ళిన చెక్క పిండిలా నా చేతికి ఊడి వచ్చింది. నిజం చెబితే ‘ఆ రోజు బాగుందన్నావే’ అంటారు. ఆ పిండిని నీళ్ళలో కడిగేసుకున్నాను.

“రాయి తగిలింది” అన్నాను.

మొదటి అబద్ధానికి కోపమన్నా ఉంది. దీనికేముంది? ఒట్టి భయం. తూ!

ఆ తర్వాత మస్తానుకు ఏ రేవులోనూ ఎవరూ పడవ ఇవ్వలేదు. మాచర్ల వైపు నాపరాళ్ళ గనిలో చేరాడని విన్నాను. ఒకసారి మాచర్ల బజారులో ఎదురయ్యాడు. తెల్లటి రాతిదుమ్ము జుట్టునిండా. నన్ను చూసి తనే వచ్చాడు.

“బాగున్నావా అన్నా? రేవులో నీళ్ళు ఎట్టా ఉన్నయ్?”

అతనికి తెలుసు. ఆ రోజు ఆ చెక్క అతనూ చూశాడు. తెలిసి కూడా నీళ్ళ గురించి అడిగాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, నమ్ముతారా? కాలరు పట్టుకుని నిలదీయొచ్చుగా, బజారులో తిట్టొచ్చుగా, ఈ మంచితనం ఎందుకు నాకు? పని ఉందని చెప్పి వచ్చేశాను. అదే ఆఖరుసారి. గని దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడని రెండేళ్ళకు తెలిసింది. ఇందాక ఎవరూ చావలేదని రాశాను. చూశారా, మీతో కూడా అబద్ధమే ఆడాను.

గురవయ్య కూడా పోయాడు. చివరిదాకా మస్తానునే తిట్టుకుంటూ పోయాడు. మంచంలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళితే ‘బావా’ అన్నాడు. దుప్పటి సరిచేసి వచ్చేశాను. ప్రతి ఆదివారం గుడికి వెళ్ళి, లేచి నిలబడి చిన్నాచితకా పాపాలు బోలెడు ఒప్పుకున్నాను. ఇదొక్కటీ ఒప్పుకోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాడు లేడు, మిగిలినవాళ్ళకు ఆ హక్కు లేదు.

ఆ రోజు ఇసుక తిన్నె మీద పద్దెనిమిది మంది వినేలా అనాల్సిన మాట ఒకటుంది. ఇప్పుడు వినేవాళ్ళు లేకపోయినా రాస్తున్నాను. చెక్క కుళ్ళింది. నాకు ముందే తెలుసు. మస్తాను రాయికి కొట్టలేదు.