లెక్కల టీచరుగారి ఈరోజు స్పెషల్

లెక్కల టీచరుగారికి ఒకటే జబ్బు. పొద్దున ఫోన్లో చూసిన ఐడియాను మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా క్లాసులో ప్రయోగించకపోతే ఆవిడకు ముద్ద దిగదు. ఎక్కడెక్కడి టీచర్లు పెట్టే వీడియోలూ, పోస్టులూ ఆవిడ ఫోన్లోకే వచ్చి పడతాయి. స్టాఫ్‌రూములో ఆవిడకు 'ఈరోజు స్పెషల్' అని పేరు పెట్టేశారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "రేపటిది ఇంకా బావుంటుంది" అని తనే ఊరిస్తారు.

పక్క గది కొత్తగా చేరిన సోషల్ టీచరుది. మధ్యలో ఉన్నది చెక్క గోడ. ఆ అమ్మాయికి స్పెషళ్లన్నీ వేడివేడిగా వినిపిస్తాయి.

సోమవారం లెక్కల టీచరుగారు పిల్లలందర్నీ బల్లల కింద కూర్చోబెట్టి భిన్నాలు చెప్పారు. హెడ్మాస్టారు వచ్చి చూస్తే గదిలో ఒక్క తలకాయ లేదు.

"పిల్లలేరమ్మా?"

"కిందున్నారండీ. అక్కడైతే ఏకాగ్రత ఎక్కువట."

"ఎవరన్నారు?"

"ఫోన్లో ఒకావిడ. మూడువేలమంది లైకు కొట్టారు."

"ఆ మూడువేలమందిలో హెడ్మాస్టరు ఒక్కడైనా ఉన్నాడా?" అన్నారాయన తల పట్టుకుని.

మంగళవారం పీరియడంతా నోరు విప్పకుండా సైగలతోనే గుణకారం నడిపారు. బుధవారం జవాబు వచ్చినవాళ్లు బెలూన్ పగలగొట్టాలన్నారు. ఖర్మ కాలి పిల్లలందరికీ జవాబు ఒకేసారి వచ్చింది. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన హెడ్మాస్టారి టీ ఆయన చొక్కా మీదికి చేరింది. గురువారం మాత్రం పిల్లల చప్పుడు కూడా లేదు. ఆవిడ పిల్లల్ని గ్రౌండుకి తీసుకెళ్లారేమో అనుకుంది సోషల్ టీచరు.

మామూలుగా అయితే ఆ అమ్మాయి పడీపడీ నవ్వేదే. కానీ ఎవరి గోల వాళ్లది. ఏడో తరగతి తన మాట వినదు. తను నోరు విప్పితే నలభై నోళ్లు విచ్చుకుంటాయి. ఈ శనివారం రాజీనామా ఇచ్చేస్తానని అమ్మకు చెప్పేసింది కూడా. మొన్న ఆదివారమే పేరు దాచుకుని టీచర్ల గ్రూపులో తన గోడు రాసుకుంది: "నా గొంతు మొదటి బెంచీ దాటదు. వారం చూసి మానేస్తాను. ఎవరైనా దారి చెప్తారా?" రాశాక సిగ్గేసి మళ్లీ అటు చూడలేదు.

గురువారం సాయంత్రం బడి వదిలాక తన క్లాసులోనే కూర్చుని, ధైర్యం చేసి ఆ గ్రూపు తెరిచింది. 'ఓపిక పట్టండి' అంటూ బోలెడు జవాబులు. పిచ్చుక బొమ్మ పెట్టుకున్న ఒకరు మాత్రం ఇలా రాశారు: "ఒక్కోటీ నేను చేసి చూసి చెప్తాను. అందాకా మానకండి." దాని కింద రోజుకొక రిపోర్టు.

"బల్లల కింద పాఠం వద్దు, సగంమంది నిద్రపోయారు. సైగలూ వద్దు, ఏడుకీ ఎనిమిదికీ వేళ్లు తడబడ్డాయి. బెలూన్లు అసలే వద్దు, హెడ్మాస్టారి చొక్కా పాడైంది. ఇవాళ్టిది మాత్రం బ్రహ్మాండం. గొంతు పెంచకండి, తగ్గించండి. పాఠంలో ఐదు తప్పులు కలపండి. వాటిని పట్టుకోడానికి పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు."

పిచ్చుకగారి పాత పోస్టులన్నీ తిరగేసింది. రెండేళ్లుగా ఇదే వరస. ప్రతి స్పెషల్ వెనకా ఎవరో ఒక టీచరు గోడు ఉంది.

పరుగున పక్క గదికి వెళ్లింది.

"మేడమ్, పిచ్చుక మీరేనా? నేనని ఎలా తెలిసింది?"

"చెక్క గోడ కదమ్మా. రెండు నెలలుగా నీ గొంతు ఎలా కుంగిపోతోందో వింటూనే ఉన్నాను."

"మరి నాకే నేరుగా చెప్పొచ్చుగా?"

"ఏం చెప్పను? బల్లల కింద దూరమనా? నవ్వులపాలవడంలో నాది ఇరవయ్యేళ్ల సర్వీసు. నువ్వు కొత్తదానివి, తట్టుకోలేవు."

ఆ అమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ కాస్త కంగారుపడి, మంచినీళ్ల సీసా చేతిలో పెట్టారు.

శుక్రవారం సోషల్ టీచరు ఐదు తప్పులు పట్టుకోమని పిల్లలకు చెప్పి, మెల్లగా, దాదాపు గుసగుసగా పాఠం మొదలుపెట్టింది. "సూర్యుడు పడమర ఉదయిస్తాడు" అంది. గదంతా నిశ్శబ్దం. అటుగా వెళ్తున్న హెడ్మాస్టారు గతుక్కుమని ఆగిపోయారు.

"అమ్మా, తూర్పు కదూ?"

"సార్, మేం చెప్పేలోగా మీరు చెప్పేశారు" అంది వెనక బెంచీ పిల్ల, ఉక్రోషంగా. "మిగతా నాలుగూ మావి."

హెడ్మాస్టారు ఆ పిల్ల పక్కనే సర్దుకుని కూర్చున్నారు.

సాయంత్రం ఇంట్లో అమ్మ భయంభయంగా అడిగింది. "రేపు ఆ కాగితం ఇచ్చేస్తావా?"

"ఏ కాగితం? రేపు నదుల పాఠం ఉందమ్మా. ఐదు తప్పులు కావాలి, ఇప్పటికి రెండే దొరికాయి. నువ్వూ ఒకటి చెప్పు."