లెఫ్ట్ ఫీల్డ్‌లో మావ కేక

నిన్న సాయంత్రం అత్త ఫోన్ చేసేసరికి నేను ఇక్కడ మలేసియాలో, పోర్ట్ క్లాంగ్ గ్రౌండ్‌లో ఉన్నాను. స్క్రీన్ మీద పేరు చూశాను.

అత్త చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

ఎలాగో చెప్తాను. నవ్వకండి.

మా అప్పన్న మావ ఇక్కడి తెలుగువాళ్ళ ఊరు సుంగై సుమున్‌లో పుట్టి, తైవాన్ వెళ్ళి జీతానికి బేస్‌బాల్ ఆడిన మనిషి. మన చుట్టాల్లో చాలామందికి ఆ ఆట ఏంటో ఇప్పటికీ తెలీదు. బ్యాటర్‌కి ఎక్కడో దూరంగా, లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబడి, గాల్లోకి లేచిన బంతులు పట్టేవారు. మోకాలు పోయాక తిరిగొచ్చి మా చిన్న లీగ్ టీమ్‌కి మేనేజర్ అయ్యారు.

మావ రూల్ ఒక్కటే. బంతి లేస్తే, పట్టేవాడు "నాదే" అని అరవాలి. విన్నవాళ్ళంతా ఆగిపోవాలి. లేకపోతే ఇద్దరు గుద్దుకుంటారు.

మలయ్ కుర్రాళ్ళు, చైనీస్ కుర్రాళ్ళు, అందరూ తెలుగులోనే "నాదే". మన పిల్లలకి రాని తెలుగు వాళ్ళకి వచ్చింది, వాళ్ళు మాట చివర అనే "లా" మనకి అంటుకుంది లా.

ఒక మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చున్న మావే పాత అలవాటులో "నాదే" అని అరిచేశారు. మేమంతా ఆగిపోయాం. బంతి మా మధ్యన పడింది. ఓడిపోయాం.

"నాను బెంచీ మీద కూకున్నాను గానీ, నోరు ఇంకా లెఫ్ట్ ఫీల్డ్‌లోనే ఉండిపోనాది లా" అన్నారు తల దించుకుని.

అప్పటినుంచి బంతి లేస్తే చాలు, భుజం మీది తువ్వాలు పళ్ళతో కరిచిపట్టుకునేవారు.

నిన్న ప్రాక్టీస్‌కి ఆయన లేరు, హాస్పిటల్‌లో ఉన్నారు. తువ్వాలు మాత్రం బెంచీ కమ్మీకి ఉంది. ఆయన కట్టి వెళ్ళిన ముడి అలాగే ఉంది.

బంతి లేచింది. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్న నావైపే వస్తోంది.

నేను నోరు తెరిచేలోపు నా వెనకనుంచి "నాదే" అని వినిపించింది.

నా వెనక కంచె తప్ప ఏమీ లేదు.

అందరం ఆగిపోయాం. బంతి గడ్డిలో పడింది. ఎవరూ తీయలేదు.

అంకుల్‌ని డిశ్చార్జ్ చేశారా అని మా సెంటర్ ఫీల్డర్ హాఫిజ్ మెల్లగా అడిగాడు. బెంచీ వైపు చూశాం. ముడి విడిపోయి తువ్వాలు నేల మీద పడి ఉంది. గాలి కూడా లేదు.

అప్పుడు ఫోన్ మోగింది.

"మీ మావ ఎలిపోనారురా. పొద్దుట్నుంచి మాటే నేదు. ఇప్పుడే నాదే అని ఒక్క కేక ఏసినారు. ఏటి మీది అని అడిగినాను. సెప్పనేదు."

అది బంతి అని అత్తకి ఎలా చెప్పను?

ఆదివారం మ్యాచ్ ఓడితే మా టీమ్ లీగ్‌లో ఉండదు. మావ ఇన్నేళ్ళు నిలబెట్టిన టీమ్. కుర్రాళ్ళేమో లెఫ్ట్ ఫీల్డ్ వైపు మేం వెళ్ళం అంటున్నారు. ఆ కేక మళ్ళీ వినిపిస్తే ఆగాలా, పరిగెత్తాలా అని హాఫిజ్ అడుగుతున్నాడు.

నాకూ భయంగానే ఉంది. కానీ అది మావ నాకిచ్చిన చోటు. నేనే నిలబడతాను.

మావా, ఈ రోజు తువ్వాలు మీ చేతిలో పెట్టి పంపించాం. ఆదివారం బంతి లేస్తే మీకంటే ముందు నేనే అరుస్తాను. రూల్ మీదే కదా, విన్నవాళ్ళు ఆగాలి.

మీరు ఆగండి మావా.

ఇంక నిమ్మళంగా పడుకోండి.