చొక్కా అంచున వెండి మరక

తమిళనాడు కోవిల్‌పట్టిలో హాకీ ఆడే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు కార్తీశ్వరిని వెతుక్కుంటూ వస్తారు. రైలు గేటు వెనక సందులో రేకుల కప్పు, దాని కింద రెండు సిమెంటు తొట్లు, ఒక రాయి, ఒక దండెం. అంతే ఆమె కొట్టు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి, నలుగురిలో నోరు విప్పదు. తల వంచుకునే మూట అందుకుంటుంది, తల వంచుకునే అందిస్తుంది. మూట విప్పాక మాత్రం ఆమె కంటి నుంచి ఏదీ తప్పించుకోదు.

నల్లరేగడి బురదను తడి మీద ముట్టుకోదు. ఎండనిచ్చి, దులిపి, అప్పుడు నీళ్ళలో వేస్తుంది. మోకాలి నెత్తురుకు చన్నీళ్ళు, ఉప్పు. వేణ్ణీళ్ళు పోశారా, ఇక ఆ మరక చొక్కా చిరిగేదాకా ఉంటుంది. వేరుశెనగ మిఠాయి పాకానికి గోరువెచ్చటి నీళ్ళు చాలు.

అదే వీధి చివర పాండిసెల్వి ఇల్లు. కార్తీశ్వరి వాళ్ళలాగే వాళ్ళదీ తెలుగు ఇల్లే. కూతురు వసంతికి పదమూడేళ్ళు, బడి జట్టులో బాగా పరిగెత్తే పిల్ల. ఆషాఢంలో, అక్కడివాళ్ళ ఆడి నెలలో, ఒక సోమవారం పాండిసెల్వి ఆ పిల్ల తెల్ల జెర్సీ తెచ్చింది. చేతుల అంచున బూడిదరంగు మెరుపు.

"స్టిక్కుకు చుట్టే టేపు అంటింది, కార్తీ," అంది.

చాకలి సోడా కలిపిన వేణ్ణీళ్ళలో ఆ అంచు ముంచితే మరక చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. కార్తీశ్వరి చెయ్యి ఆగిపోయింది. టేపు బుడగలు కట్టదు. బడి మానేసిన ఏడాది ఆమె విరుదునగర్ అవతల ఒక పట్టాసుల షెడ్డులో పనిచేసింది. అక్కడ బాణసంచాలో కలిపే అల్యూమినియం పొడిని వెండిమందు అనేవాళ్ళు. ఆ పొడి అంటిన చేతులు సోడా నీళ్ళలో పెడితే ఇలాగే ఉడికినట్టయ్యేది. ఒక మధ్యాహ్నం పక్క గది పేలిపోయింది. అప్పటి నుంచి ఆమెకు ఎడమ చెవి సరిగా వినపడదు.

తెలిసీ ఉతికింది. మూడు వారాలు వరసగా పొడిని మెత్తటి కుంచెతో రాల్చి, సోడాలో నానబెట్టి, మచ్చ లేకుండా ఇచ్చింది. మరక తియ్యడమే తన పని, అడగడం కాదనుకుంది.

"నీ చెయ్యి తగిలితే కొత్త చొక్కానే," అని పాండిసెల్వి మెచ్చుకుంది. "టీచరమ్మ కంట పడితే పిల్లను జట్టులోంచి తీసేస్తారు గదా."

నాలుగో సోమవారం మూట విప్పగానే గంధకం వాసన కొట్టింది. చేతుల అంచున ఏమీ లేదు. ఛాతీ మీద, మెడ చుట్టూ లేత పసుపు చారలు. కింది కుట్టు దగ్గర మిరియపు గింజంత కాలిన కన్నం.

"అక్కా, దీన్ని నేను ఉతకను."

"ఏమి, పోదా?"

"పోతుంది. నేనే ఉతకను. ఇన్నాళ్ళు పట్టాసు గొట్టాలు తుడిచే తావున కూర్చోబెట్టినారు. ఇప్పుడు వసంతిని మందు కలిపే గదిలో పెట్టినారు."

పాండిసెల్వి వీధి అటూ ఇటూ చూసింది. "మెల్లగా మాట్లాడు. పొద్దున ఆట అయినాక ఆ జెర్సీతోనే విరుదునగర్ అవతలి షెడ్డు వ్యాను ఎక్కుతాది. ఇంక రెండు ఆదివారాలే అంటిరి. మంచి స్టిక్కు, బూట్లు లేకుంటే జిల్లా జట్టులో నిలవనీరంట. దాని నాయన ఉంటే నేనెందుకు పంపుతాను?"

"ఈ కన్నం చూడక్కా. నిప్పురవ్వ పడింది."

"ఊదుబత్తి తగిలింది అది. నువ్వు చెవిటిదానివి, నీకు అన్నీ బాంబులే వినిపిస్తాయి!" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "ఉతికి పెట్టు తల్లీ. శుక్రవారం మ్యాచ్ ఉండాది."

కార్తీశ్వరి ఆ జెర్సీని ఉతకకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. సాయంత్రం మైదానం గేటు దగ్గర అరగంట నిలబడింది. రెండుసార్లు వెనక్కి తిరిగింది. చివరికి ఆటల టీచరు తమిళ్‌సెల్వి తానే వచ్చి ఏమిటని అడిగితే, జెర్సీ ఆమె చేతిలో పెట్టి తమిళంలో ఒక్క మాట అంది.

"ఇది గ్రౌండు మట్టి కాదు, టీచర్."

టీచరు వాసన చూసింది. వీపు మీది నంబరు చూసింది. "ఇంతకుముందు కూడా ఇలా వచ్చిందా?"

"మూడుసార్లు. నేనే పోగొట్టాను."

టీచరు జెర్సీని మడిచి తన సంచిలో పెట్టుకుంది. "స్టిక్కు సంగతి నేను చూస్తాను. ఆదివారం చీకటి పడేదాకా పిల్ల నా దగ్గరే ఉంటుంది."

ఆదివారం తొమ్మిదింటికి వీధిలోకి తెల్ల వ్యాను వచ్చి హారన్ కొట్టింది. కార్తీశ్వరి తడిబట్ట పిండుతూ చూస్తోంది. పాండిసెల్వి గడప దాటి వచ్చింది. ఈ పక్కకు కన్నెత్తలేదు.

"వసంతికి జ్వరం," అంది డ్రైవరుతో.

"భలే రోజు చూసుకుని వచ్చింది జ్వరం," అన్నాడు అతను. "దీపావళి ఆర్డరు పెట్టుకుని! సరే, దాని వంతు కూడా వీళ్ళిద్దరే కలుపుతారు."

తెరిచిన తలుపులోంచి ఇద్దరు పిల్లలు కనిపించారు. ఏ బడి యూనిఫారమూ లేదు, ఇంటి గౌన్లు. మోచేతుల దాకా పసుపు, గోళ్ళ కింద వెండి. వాళ్ళ బట్టలు ఎన్నడూ ఆమె తొట్లోకి రాలేదు. రావు కూడా. ఒక పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

తలుపు మూసుకుంది. బట్టల మీద గుర్తులు వేసే పెన్నుతో కార్తీశ్వరి అరచేతిలో బండి నంబరు రాసుకుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన పది తొంభై ఎనిమిది నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో ఎత్తితే, పట్టాసుల షెడ్డుకు పిల్లలను తీసుకుపోతున్నారని చెప్పింది.

"చెప్పండి. ఏ షెడ్డమ్మా? ఏ ఊరి దగ్గర?"

"విరుదునగర్ అవతల. పేరు తెలియదు సార్. ఇద్దరు పిల్లలు. ఇవాళ వాళ్ళే మందు కలుపుతారు."

"గట్టిగా చెప్పండి, వినిపించడం లేదు."

ఆమె వీధి మధ్యలోకి వచ్చి, ఇరుగుపొరుగు తలుపులు తెరిచి చూస్తుండగా, అరచేతి చెమటకు చెదిరిపోతున్న బండి నంబరును గొంతెత్తి చదవసాగింది. వ్యాను అప్పటికే సాత్తూరు రోడ్డు ఎక్కేసింది.