పచ్చి బరువు, ఎండు బరువు

2007 మార్చిలో నన్ను గోదావరిఖనిలోని మా బొగ్గు కంపెనీ ల్యాబ్ నుంచి పర్యావరణ విభాగానికి బదిలీ చేశారు. హోదా ల్యాబ్ అసిస్టెంట్. గనిలో జనరల్ మజ్దూర్‌గా, అంటే కూలీగా చేరి, లెక్కలు సొంతంగా నేర్చుకుని అక్కడి దాకా వచ్చినవాణ్ణి. ఊరి చివర ఒక ప్రైవేటు షెడ్డులో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసేవారు. అది మూతపడింది. చుట్టూ మట్టిలో, మొక్కల్లో సీసం ఎంత మిగిలిందో చూడటం నా మొదటి పని.

షెడ్డు గోడ పక్కనే, కంపెనీ స్థలంలో పోశక్కకు ఆరు ఆకుకూర మడులు ఉండేవి. భర్త గనిలో నడుము దెబ్బతిని మంచం పట్టాడు. ఇల్లు ఆ తోటకూర, పాలకూర మీదే నడుస్తోంది.

ప్రతి మడి నుంచి జానెడు లోతు మట్టి, అరకిలో ఆకు తెచ్చాను. ఆకును కడిగి, తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ తూచి, పొడిచేసి, యాసిడ్‌లో కరిగించి సీసం ఎంతో మిషన్ మీద చదవాలి. కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని వస్తుంది. ఆరు మడుల ఆకూ ఆహారానికి పెట్టిన హద్దు దాటింది. అన్నీ పీకించాలని మా అధికారి ఉత్తరం టైపు చేయించి, పంపేముందు ఆమెకు నోటిమాటగా చెప్పి రమ్మన్నారు.

పోశక్క ఏడవలేదు. ఎట్ల చూసిన్రో చెప్పమంది. చెప్పాను. ఓవెన్ మాట రాగానే ఆపింది.

"నేను అమ్మేది పచ్చికూర గద సారూ. గంపెడు ఎండితే పిడికెడయితది. మీ ఇంట్ల పొడి వండుకుంటరా ఏంది?"

మడులు కాపాడుకోవడానికి అంటున్న మాట అనుకున్నాను. సైకిల్ మీద తిరిగి వస్తుంటే అది వదల్లేదు. ఆహారపు హద్దు పచ్చి బరువుకు పెట్టింది. నా అంకె ఎండు బరువుది. మట్టికి ఎండు బరువే పద్ధతి, అదే చేత్తో ఆకుకూరకూ వేసేశాను. తేమ శాతం రాయకుండా బొగ్గు పరీక్ష రిపోర్టు ఒక్కటీ పంపని మనిషిని.

రెండు తూకాలూ నోటు పుస్తకంలోనే ఉన్నాయి. అరకిలో ఆకు ఎండితే యాభై గ్రాములు కూడా లేదు, అంటే పచ్చికూరలో సీసం నా అంకెలో పదో వంతు కూడా ఉండదు. అధికారి దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన ఉత్తరం పక్కన పెట్టి, మళ్ళీ లెక్క కట్టి తెమ్మన్నారు. నాలుగు మడులు హద్దు లోపలికి వచ్చాయి. గోడవైపు రెండు మాత్రం అప్పటికీ దాటే ఉన్నాయి.

ఆ సంగతి చెబితే పోశక్క బేరమాడలేదు. "ఇన్నొద్దులు గీ రెండిట్లది గూడ అమ్మిన," అంది. ఆ రెండు మడుల కూరనూ నా ముందే వేళ్ళతో సహా పీకింది. కుప్ప చూపించి, "మేకలు తింటయి సారూ, ఏడ వెయ్యాలె?" అని అడిగింది. పీకింది ఎక్కడ వేయాలో మా ఉత్తరంలో రాయనేలేదు. ఇద్దరం సంచుల్లో నింపాం, అధికారితో మాట్లాడి వాటిని విభాగం గోదాములో పెట్టించాను. నాలుగు మడులనూ మూడు నెలలకోసారి పరీక్షించే ఏర్పాటు కూడా అప్పుడే జరిగింది.

ఏ అంకెకైనా అది దేని బరువు మీద కట్టిందో పక్కనే రాయాలి. నేను రిటైరయ్యే దాకా మా పట్టికల్లో దానికోసం ఒక గడి ఉండేది. అది పోశక్క వల్ల వచ్చిందని, నా తర్వాత వచ్చినాయనకు పని అప్పగించేటప్పుడు చెప్పాను.